రుమాలు వేసినవారికి శిక్ష

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఒకటి రెండేళ్ళు మా పాలమూరు వైపు ఎవరిని కదిలించినా ఇక అన్నీ కొత్తగా ఉండాలనేవారు. కొత్త బోర్డులు, కొత్త రంగులు, కొత్త చట్టాలు. టీకొట్టు ముందు గ్లాసు పట్టుకొని నిలబడ్డవాళ్ళు కూడా ఏది నేరమో ఏది కాదో తేల్చేసి, గ్లాసు కింద పెట్టి ఇంటికి పోయేవారు. ఆ గాలి నాకూ సోకింది. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. మనుషుల మీద ఆశ వదులుకోవడానికి అంతకంటే అనువైన వయసు లేదు. (తర్వాత తర్వాత పనులు పెరిగి, ఆశ వదులుకోవడానికి కూడా తీరిక దొరకదు.)

నేను బడికి పోయి చదివినదాన్ని కాను. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. జడ్చర్లకు ఆవల ఉన్న మా ఊళ్ళో, ఇంటి నుంచి బడిదాకా నడిస్తే సగం దారిలోనే ఊపిరి అందేది కాదు. అందుకని బాపు నన్ను మగ్గం పక్కన పీట వేసి కూర్చోబెట్టి, తను నేస్తూనే చదువు చెప్పాడు. ఆయన కాళ్ళు మగ్గం గుంటలో, కళ్ళు పోగుల మీద, చెవులు మాత్రం నా పాఠం మీద. నేను తప్పు చదివితే మగ్గం చప్పుడు ఆగేది. అదే నాకు బెత్తం. నాకు అక్షరం పెట్టిన బాపుకూ, అటువంటి బాపును ఇచ్చిన దేవుడికీ పొద్దున దీపం పెట్టినప్పుడల్లా ఇప్పటికీ కలిపే దండం పెట్టుకుంటాను. అయితే ఇంటి చదువుకు ఒక చిక్కుంది. లోకం ఎలా ఉండాలో ముందే నేర్చేసుకుంటాం, ఎలా ఉందో చూసేది చాలా ఆలస్యంగా. నా ఉబ్బసం కాస్త నెమ్మదించి, ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టి, పుస్తకాల కోసం మొదటిసారి ఒంటరిగా బస్సు ఎక్కిన రోజున నేను లోకాన్ని చూశాను. చూసి, ఇంటికి వచ్చి, అన్నం తినకుండా ఒక నోటుబుక్కు తీసి మొదటి పేజీలో "నేరములు" అని రాశాను.

బస్సు కిటికీలోంచి ఉమ్మడం నేరం. చేసినవాణ్ణి వారం రోజులు వెనక కిటికీ దగ్గర కూర్చోబెట్టి తిప్పాలి. అందరి మధ్య కూర్చొని ఫోనులో పాటలు పెద్దగా పెట్టడం నేరం. చుట్టపుచూపుగా వచ్చి, మంచినీళ్ళు ఇంకా గొంతు దిగకముందే "పిల్లకు ఇంకా చేయలేదా?" అని అడగడం నేరం (దీనికి ఎంత ఆలోచించినా సరిపడే శిక్ష తోచక కొంచెం ఖాళీ వదిలిపెట్టాను). "ఒక్క దండమే బిడ్డా" అంటూ గుళ్ళో వరుస మధ్యలోకి దూరడం కూడా నేరమే, దేవుడు క్షమించినా నేను క్షమించను. ఇలా పేజీలు నిండుతున్నకొద్దీ నా గుండె బరువెక్కేది. ఎవరూ మిగిలేట్టు లేరు. ఇక అన్నింటికంటే ఘోరమైనది బస్సులో రుమాలు వేయడం. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి రుమాలో తువ్వాలో లోపలికి విసిరితే, ఆ సీటు విసిరినవాళ్ళదైపోతుంది. ఒళ్ళో బిడ్డతో ముందు ఎక్కిన తల్లి అయినా సరే, ఆ గుడ్డముక్కను చూసి నిలబడాల్సిందే. ఇదెక్కడి న్యాయం? గుడ్డకు కూర్చునే హక్కు ఎవరిచ్చారు? శిక్ష: రుమాలు వేసినవారు ఆ ఏడాదంతా బస్సులో నిలబడే పోవాలి.

ఈ చట్టాలన్నీ రోజూ సాయంత్రం మా అవ్వకు, అంటే బాపును కన్నతల్లికి, చదివి వినిపించేదాన్ని. అవ్వ ఆకువక్క నములుతూ ఓపికగా వినేది.

"అందర్ని లోపలేస్తివి గదనే," అంది ఒకరోజు. "ఇగ జైలుకు తాళం ఎవలేస్తరు?"

"నేను వేస్తాను."

"అంటే నువ్వొక్కదానివే బయటుంటవా? భయం గాదా బిడ్డా?"

నేను గబగబా పేజీ తిప్పేశాను. ఎందుకంటే ఆ జాబితాలో అవ్వ కూడా ఉంది. ఉండడమేమిటి, రుమాలు నేరంలో ఆమెను మించిన ముద్దాయి మా మండలంలో లేదు. ఆమె విసిరేది రుమాలు కాదు, తన ఆకువక్కల సంచి. ఇంకా కదులుతున్న బస్సులోకి, ఇనుప చువ్వల సందులోంచి, డ్రైవరు వెనక సీటుకు గురి చూసి వేస్తే సంచి పోయి అక్కడే కూర్చునేది. జడ్చర్ల బస్టాండులో తెలిసినవాళ్ళు తమ తువ్వాళ్ళు కూడా అవ్వ చేతికే ఇచ్చేవారు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఒకనాడు దీపం ముందు కూర్చోబెట్టి, ఇకమీదట నాతో ఉన్నప్పుడు రుమాలు గానీ సంచి గానీ విసరనని మన్యంకొండ స్వామి మీద ఒట్టు వేయించుకున్నాను. "గింత చిన్న ముచ్చటకు గంత పెద్ద దేవుడెందుకే?" అని గొణిగింది గానీ వేసింది. అవ్వ ఒట్టు వేస్తే తప్పదు. అదే నా కొంప ముంచింది.

పరీక్షలు వచ్చాయి. కేంద్రం మహబూబ్‌నగర్‌లో. మొదటి నాలుగు పరీక్షలకూ మా వాడకట్టు ఆటోలో వెళ్ళి రాసి వచ్చాను. అయిదోదీ చివరిదీ సాంఘికశాస్త్రం. హక్కులు, బాధ్యతలు, శాసనసభ ఎలా చట్టం చేస్తుంది, అన్నీ నాకు కంఠతా. నూటికి నూరు ఎందుకు రావని కూడా అనుకున్నాను. ఆ ఒక్కటి అయిపోతే నేను పది పాసైన పిల్లను, మగ్గం పక్కన చదివి పాసైన పిల్లను. బాపు ఎవరితోనూ అనలేదు గానీ, అంతకుముందు రోజు చొక్కాజేబులో పెట్టుకో అని కొత్త పెన్ను ఇవ్వబోయి, నాకు చొక్కాజేబు లేదని గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

ఆ రోజు మంచి లగ్గం. ఆటోవాళ్ళింట్లోనే పెళ్ళి, ఆటో లేదు. బాపుకు జ్వరం. అవ్వా నేనూ పొద్దున్నే జడ్చర్ల చేరేసరికి ఏడుంపావు. తొమ్మిదింటికి పరీక్ష, తొమ్మిదిన్నర దాటితే లోపలికి రానివ్వరు. ఊరికి ఊరు పట్టుచీరలు కట్టుకొని బస్టాండులో నిలబడి ఉంది. సగం బస్సులు పెళ్ళిళ్ళకు మాట్లాడుకున్నారట. మొదటి బస్సు వచ్చింది. మేము ఎక్కే లోపలే సీట్ల నిండా రుమాళ్ళు, నడిమిలో మనుషులు, మెట్ల మీద మనుషులు. దిగిపోయాం. రెండో బస్సులో కాలు పెట్టడానికే చోటు లేదు.

"ఒక్కపారి ఇడిపియ్యవే ఒట్టు," అంది అవ్వ, ఆకుసంచి పట్టుకొని. "స్వామికి నేను చెప్పుకుంట."

"వద్దవ్వా."

"గట్లయితే నువ్వు కిందనే నిలబడి రాయి పరీక్ష."

ఎనిమిదింపావుకు మూడో బస్సు మలుపు తిరిగింది. నా ఛాతీలో అప్పటికే పిల్లికూతలు మొదలయ్యాయి. కూర్చోకపోతే దారిలో ఊపిరి ఆగేట్టుంది, ఎక్కకపోతే పరీక్ష ఆగేట్టుంది. అందరి చేతులూ లేచాయి. నాకేమయిందో నాకు తెలియదు. రుమాలు నా దగ్గర లేదు (రుమాలు ఉంటే వేయాలనిపిస్తుందని రుమాలు పట్టుకోవడమే మానేశాను). చేతిలో ఉన్నది పరీక్ష అట్ట. చట్టాలన్నీ రాసిన ఆ చేత్తోనే అట్టను కిటికీలోంచి లోపలికి విసిరాను. అది చక్కగా పోయి కిటికీ పక్క సీట్లో పడింది. అవ్వ కళ్ళల్లో గర్వం చూశాను. "నా మన్మరాలివే!" అంది. ఆ మాట పూర్తయ్యాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. హాల్ టికెట్టు ఆ అట్టకే క్లిప్పు పెట్టి ఉంది.

తలుపు దగ్గరికి పరుగెత్తాం. పెళ్ళివారి వీపులు తప్ప ఏమీ కనబడలేదు. అవ్వ ఒక కాలు మెట్టు మీద పెట్టింది, ఎవరో పెట్టె అడ్డం పెట్టారు. "నా మన్మరాలి టికెట్టు లోపలున్నది, జర జరుగున్రి!" అని అవ్వ అరిస్తే, "టికెట్టు లోపలిస్తరమ్మా, తర్వాత బస్సు ఎక్కున్రి," అని కండక్టరు విజిలు ఊదాడు. బస్సు కదిలింది. నా హాల్ టికెట్టు కిటికీ పక్కన దర్జాగా కూర్చొని మహబూబ్‌నగర్ పోయింది. నేను జడ్చర్లలో నిలబడి ఉన్నాను. నా చట్టప్రకారం నాకు పడాల్సిన శిక్ష కూడా అదే.

తర్వాతి బస్సు అరగంటకు గానీ రాలేదు. అందులో ఎలా ఎక్కామో, ఎవరి మోచేతి కింద నిలబడ్డామో నాకు జ్ఞాపకం లేదు. అట్ట ఏ చెత్తలో పడిందో, ఎవడు దాని మీద వేరుశనగకాయలు పెట్టుకొని తింటున్నాడో అనుకుంటూ నిశ్శబ్దంగా ఏడుస్తూ పోయాను. ఆ నోటుబుక్కు రాసినదాన్ని నేనే కదా, మనుషులు ఎలాంటివాళ్ళో నాకు తెలుసు. అవ్వ నా వీపు నిమురుతూ దారి పొడుగునా స్వామికి ఏదో చెప్పుకుంటూనే ఉంది.

మహబూబ్‌నగర్ బస్టాండులో దిగేసరికి తొమ్మిదీ ఇరవై. జడ్చర్ల బస్సులు ఆగే చోట నల్ల బురఖాలో ఒక పెద్దామె, ముసుగు పైకెత్తి, దిగుతున్న ప్రతి ఆడపిల్ల మొహమూ చూస్తోంది. ఒక చేతిలో నా అట్ట. అట్ట మీది ఫోటోనూ నన్నూ మార్చి మార్చి చూసి, "నువ్వే గదా బేటా?" అంది.

నేను తలూపాను. అవ్వ ఆమె చేతులు రెండూ పట్టుకుంది. "ఎంత పుణ్యాత్మురాలివి చెల్లే!"

"పుణ్యమేంది అక్కా. పిల్ల రద్దీల నిలబడ్డది, వస్తది అనుకున్న. ఎవ్వల్నీ కూసోనియ్యలే. ఒకడు కొట్లాటకు వచ్చిండు, ఖాళీ సీటు పెట్టుకోని మేం నిలబడాల్నా అని. నేనన్న, చీజ్ పడ్డది, సామాను పడ్డంక గా జాగ పిల్లది, లేవు. అందరు దిగినంక చూస్తే ఎవ్వలు రాలే. అప్పుడు సమజైంది."

అంత నిండు బస్సులో జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ దాకా నా సీటు ఖాళీగా వచ్చిందట. ఆమె దవాఖానకు వచ్చింది, మోకాళ్ళు చూపించుకోవడానికి. పొద్దున్నే పోతే తప్ప చిట్టీ దొరకదు. నా కోసం నిలబడి ఆ వేళ పోగొట్టుకుంది. ఆ సంగతి అవ్వ అడిగితే తప్ప చెప్పలేదు. "రేపు రావచ్చు తీ. పో బేటా, ఫికర్ చెయ్యకు, మంచిగ రాయి," అని మమ్మల్ని ఆటో ఎక్కించింది.

ఆటో దిగి గేటు దగ్గరికి పరుగెత్తేసరికి తొమ్మిదీ ముప్పై ఎనిమిది. గేటు మూసి ఉంది. లోపల ఒక పెద్దసారు, మంచివాడే పాపం, చువ్వల అవతల నిలబడి చేతులు జోడించాడు. "ఎనిమిది నిమిషాలు దాటింది తల్లీ. నిన్ను పంపిస్తే రేపు ఎనభై మంది అడుగుతరు. రూలు రూలే."

"రూలు కరెక్టే సార్," అన్నాను నేను.

అవ్వ నా జబ్బ మీద ఒక్కటి వేసింది. "నువ్వెవల దిక్కు మాట్లాడుతున్నవే?"

నిజమే, ఎవరి వైపు? ఏ చట్టంలోనూ రాయని మాటను ఒకామె మోకాళ్ళ నొప్పితో నిలబడి పాటించింది. రాసిన మాటను ఈ సారు బాధపడుతూనే పాటిస్తున్నాడు. తప్పు చేసినది ఈ మొత్తంలో నేనొక్కదాన్నే. అందరినీ లోపలికి పంపాలనుకున్నదాన్ని, గేటు బయట మిగిలాను. అవ్వ ముందే అడిగింది, భయం కాదా అని. అయింది. గేటు ముందు మట్టిలో కూర్చొని, ఊపిరి అందక, ఏడుపు ఆగక, లోపల పిల్లలు కాగితాలు తిప్పే చప్పుడు వింటూ పన్నెండింటి దాకా ఉన్నాను. అవ్వ సద్ది విప్పి పెరుగన్నం ముద్దలు చేసి పెట్టింది. తిన్నాను కూడా, ఆ వయసులో దుఃఖానికీ ఆకలికీ పరిచయం ఉండదు. నన్ను అన్నింటికంటే కోసింది ఒకటే. దవాఖాన చిట్టీ దొరకక ఇంటికి పోతూ ఆ తల్లి, నేను పరీక్ష రాస్తున్నాననే అనుకుంటూ ఉంటుంది. ఆమె ఇప్పటికీ అలాగే అనుకుంటోందని నా నమ్మకం. ఆమె పేరైనా అడగలేదు. రోజూ దండం పెట్టుకునేటప్పుడు పేరు లేకుండానే తలుచుకుంటాను.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను. జ్వరంలోనే లేచి మగ్గంలో కూర్చున్నాడు గానీ, చాలాసేపు పోగు కదలలేదు.

కొన్ని నెలలకు ఆ ఒక్క పరీక్ష మళ్ళీ పెట్టారు. ఈసారి చీకటితోనే పోదామని అవ్వ పట్టుబట్టింది, నేనూ వాదించలేదు. మొదటి బస్సుకే బయలుదేరాం. రుమాలు అవసరమే రాలేదు, బస్సులో మేమిద్దరం, పాలక్యాన్లు. ఆరింటికల్లా అదే గేటు ముందు కూర్చున్నాం. లోపల ఇంకా ఊడుస్తున్నారు. కాపలా ఆయన చీపురు పట్టుకొని వచ్చి వింతగా చూశాడు.

"పరీక్ష తొమ్మిదింటికమ్మా. గింత జల్ది ఎందుకచ్చిన్రు?"

అవ్వ కొంగు సర్దుకొని, ఎంతో మర్యాదగా చెప్పింది. "పోయినపారి ఎనిమిది నిమిషాలు ఆలస్యమైంది బిడ్డా. గియ్యాల మూడు గంటలు ముందచ్చినం. గా మూడు గంటల్ల నుంచి గా ఎనిమిది తీసుకోమని మీ సారుకు జర చెప్పరాదూ."

సిగ్గుతో నేను తల పైకెత్తలేదు. పరువు తీస్తున్నావని అవ్వను గిల్లాను కూడా. అప్పటి నా మొహం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అవ్వను గిల్లిన ఈ చేతిని చూస్తే మాత్రం నవ్వు రాదు.