మూడో అధ్యాయం దాటని బాబాయి

మా బాబాయి ఏ పుస్తకాన్నీ మూడో అధ్యాయం దాటి చదవడు. గ్రంథాలయంలో పనిచేసే నేను, పద్దెనిమిది పుస్తకాల సాక్షిగా చెబుతున్న మాట ఇది.

ఆయన దర్జీ. నలభై ఏళ్లు మెడలో టేపు వేసుకుని తిరిగిన మనిషి ఒకరోజు ఉన్నట్టుండి నా బల్ల ముందుకొచ్చి, కంప్యూటర్లో చిన్న ఆట తయారుచెయ్యడం నేర్పే పుస్తకం కావాలన్నాడు. ఓనమాలు కూడా రానివాళ్లకి అర్థమయ్యేలా ఉండాలట. కంప్యూటర్ విషయంలో నాకు తెలిసిందల్లా దాని మీద దుమ్ము తుడవడం. అయినా బాబాయి కదా అని బీరువాలన్నీ గాలించి ఒకటి తీసిచ్చాను.

నాలుగో రోజుకి పట్టుకొచ్చేశాడు.

"చంకల దగ్గర పట్టేసిందమ్మా," అన్నాడు.

పుస్తకానికి చంకలేమిటో అడిగితే చెప్పడు. రెండోదీ పట్టేసింది. మూడోది బొమ్మలతో పిల్లల కోసం రాసింది, దానికి మెడ మరీ బిగుతట. పక్క ఊరి నుంచి తెప్పించినదానికి భుజాలు జారిపోయాయట. వీడియో పాఠాలు చూపించాను. కంప్యూటర్ క్లాసు మాస్టారి దగ్గర కూర్చోబెట్టాను. బంతి గీయడం, దాన్ని కిందికి రాల్చడం బుద్ధిగా నేర్చుకుని, మూడో పాఠం మొదలవగానే టేపు సర్దుకుని లేచొచ్చేశాడు. తన పాఠంలో లోపమేమిటో కనుక్కోమని ఆ మాస్టారు నాకు ఫోన్ చేసి బతిమాలాడు.

పద్దెనిమిదో పుస్తకం వెనక్కి వచ్చేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ. బాబాయి మొహమూ వాడిపోయి ఉంది. ఇంకెక్కడా లేదా అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు. ఇవాళ తాడోపేడో తేల్చుకుందామని సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను.

పిన్ని కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. పక్షవాతం వచ్చి ఆరు నెలలైంది. కాజాలు కుట్టడంలో తిరుగులేని ఆ కుడిచేతి వేళ్లు ఇప్పుడు చెప్పినమాట వినడం లేదు. రోజూ కదిలించకపోతే అలాగే బిగుసుకుపోతాయని డాక్టరు హెచ్చరించాడు. అందుకని బాబాయి ఎక్కడిదో ఒక ఆట పెట్టించాడు. తెర మీద బంతి రాలింది. పిన్ని వేలు కీ దాకా వెళ్లేలోపే అది జారిపోయి, ఆట ముగిసిందని అక్షరాలు వచ్చాయి. ఆవిడ ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. ఇక దాని వంక చూడలేదు.

బాబాయి నన్ను వరండాలోకి తీసుకొచ్చాడు.

"ఆ మాట కనబడితే ఆ రోజుకి ఇంక చెయ్యి ఎత్తదమ్మా. ఓడిపోవడం లేని ఆట నేనే చేసిద్దామనుకున్నా. ఏ పుస్తకం తెరిచినా మూడో అధ్యాయంలో ఓడించడమే నేర్పుతున్నారు."

ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు నాకు సిగ్గేసింది. నోటికొచ్చింది అనేశాను.

"అయితే ఆ అధ్యాయం వదిలేసి చెయ్యకూడదా, బాబాయ్?"

జన్మంతా గుడ్డ కత్తిరించిన మనిషికి, పాఠాన్ని కూడా కత్తిరించొచ్చని అప్పటిదాకా తట్టనేలేదు.

రెండు వారాల్లో ఆట తయారైంది. పై నుంచి గుండీలు దిగుతాయి. కీ నొక్కితే వెళ్లి చొక్కాకి అతుక్కుంటాయి, నొక్కకపోతే నొక్కేదాకా ఆగుతాయి. పిన్ని మొదటిరోజు మూడు గుండీలు కుట్టింది. నెల తిరిగేసరికి డజను చొక్కాలు పూర్తిచేస్తోంది.

ఆ తర్వాత ఓ ఉదయం బాబాయి మళ్లీ నా బల్ల ముందు ప్రత్యక్షమయ్యాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. గెలవడం తప్ప ఇంకేమీ లేని ఆట చంటిపిల్లలు కూడా ఆడరనీ, సరైన ఆట తెచ్చేదాకా తన కంటపడొద్దనీ పిన్ని కసిరి పంపిందట.

"ఆ పద్దెనిమిదీ మళ్లీ తియ్యమ్మా," అన్నాడు. "అన్నిటికంటే గట్టిగా ఓడించేదేదో చూసి, అది ముందివ్వు."