వెనకవైపు రేకు

పుంగనూరులో ఇంట్లోనే కూర్చుని పెళ్లిపత్రికలు తయారుచేయడం నా జీవనాధారం. అందుకు కావలసిన కంప్యూటర్‌ను మదనపల్లెలో ఒకాయన నా కళ్లెదుటే బిగించాడు. మదర్‌బోర్డుకు మరలన్నీ తిప్పేశాక, పెట్టె వెనకవైపు వైర్లు తగిలించే చోట సందులు మూయాల్సిన పల్చటి రేకు బల్లమీదే మిగిలిపోయింది. దాన్ని బోర్డుకన్నా ముందే లోపలినుంచి నొక్కి పెట్టాలి. ఇప్పుడు పెట్టాలంటే అంతా విప్పాలి.

“ఏం కాదులేమ్మా, ఎనకాల ఎవురు సూస్తారు?” అంటూ రేకును సొరుగులో పడేశాడు. ఏ పనికైనా ఆయన నోట అదే మాట. దేవుడి పటాన్ని వెనకవైపు కూడా తుడిచే ఇంట్లో పెరిగినదాన్ని. ఒళ్లు మండింది.

సరిగ్గా ముహూర్తాల రోజుల్లో కంప్యూటర్ ఆగిపోయింది. ఒప్పుకున్న పత్రికలన్నీ చేజారాయి. దాన్ని మోసుకుని మదనపల్లెకు పోతే, ఆయన పక్కమూత తీసి నవ్వాడు. బోర్డు మీద చచ్చిన బల్లి.

“బల్లి పడిండాది తల్లీ, దోషం. కంచికి పోయి బంగారు బల్లిని ముట్టుకోని రా.”

“దోషం నాది కాదప్పా. నువ్వు ఇడిసిన సందులో దూరిండాది. మద్దెలో దేవుణ్ణి యాల లాగుతావు? ముందు రేకు పెట్టు!”

బల్లిని తీసి తుడిస్తే, దైవం దయవల్ల, బోర్డు బతికింది. ఆయన రేకు కోసం సొరుగు లాగాడు. సొరుగు నిండా అట్లాంటి రేకులే. వాటిలో నాది వెతకడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం దీపం దగ్గర, నాకు పని చేసిపెట్టిన ప్రతి ఒక్కరినీ తలుచుకుని దండం పెట్టుకుంటాను. ఆయన వంతు వచ్చేసరికి మాత్రం ఆ సొరుగే కళ్లముందు తెరుచుకుంటుంది.