చిన్న స్పీకరు

"ఇంత చిన్నది పలుకుతాదా నాయనా?"

"పలుకుతాదిలేమ్మా. నువ్వు ఇంటికి పో."

మా నాయనతో నేను ఆడిన చివరి మాటలివి. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు లక్షుమ్మ రాస్తోంది. నిన్న పులివెందుల బజారులో ఒకతను చెక్క కోసి, పెద్ద పెట్టెలో చిన్న స్పీకరు బిగిస్తున్నాడు. ఆ చెక్కపొట్టు వాసనకు అక్కడే కూలబడ్డాను. నా మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. జమ్మలమడుగులో మాకు మైకుసెట్టు అంగడి ఉండేది. ఊళ్లో రెండు పార్టీలు, ఎప్పుడూ కొట్లాటలే. ఒక పార్టీ మనిషి వచ్చి సాయంత్రం మీటింగుకు సెట్టు కావాలన్నాడు.

"స్పీకరు కాలిపోయింది మామా. ఈ పొద్దు కాదు" అన్నాడు నాయన.

పాపం, నాయన మరిచిపోయాడనుకున్నాను. లోపలికి పరుగెత్తి, పాత రేడియోలోంచి తీసిపెట్టిన చిన్న స్పీకరు తెచ్చిచ్చాను.

"నీ కూతురికుండే తెలివి నీకు ల్యాదేందప్పా!" అని ఆ మనిషి నవ్వాడు.

నాయన నన్ను తిట్టలేదు. ఒక చెక్కకు చిన్న బొక్క కోసి, దానికి స్పీకరు బిగించి, ఆ చెక్కను పెద్ద పెట్టె మూతికి అడ్డంగా కొట్టాడు. స్క్రూలు నేనే అందించాను. ఎంత మురిసిపోయానో!

ఆ మీటింగులో బాంబులు పడ్డాయి. నాయన శవమే ఇంటికొచ్చింది.

చిన్నది ఉందని ఆయనకూ తెలుసు. ఆ మీటింగుకు పోకుండా ఉండడానికి ఆయనకు దొరికిన సాకు ఆ కాలిపోయిన స్పీకరొక్కటేనని నాకు బిడ్డలు పుట్టాక గానీ తెలియలేదు.

రాసినావా లక్షుమ్మా? ఏదీ, సదువు. స్పీకరు నేను తెచ్చిచ్చిన కాడ, సిన్నపిల్ల గదా అని మెత్తగా మార్చి రాయల్యా గదా?