గోడవైపు దోసకాయ

మా ఇంట్లో రెండు తలుపుల ఫ్రిజ్ ఉంది. అయినా సగం కూరగాయలు మా అత్తయ్య మంచం కిందే ఉంటాయి. ఆవిడ పోయి ఏడాది దాటింది. మంచం మీద ఎవరూ పడుకోరు, కింద మాత్రం ఖాళీ లేదు. నేను పనిచేసే నందిగామ స్కూల్లో తోటి టీచర్లు "నీ కూరగాయలు పదిహేను రోజులైనా వాడిపోవేంటి?" అని అడుగుతుంటారు. తెలిసినవన్నీ చెబుతాను. ఒక్క సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రాస్తే కాస్త తేలికవుతుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

పెళ్ళయి జగ్గయ్యపేట వచ్చిన కొత్తలో ఆ మంచం చూస్తే నాకు ఒళ్ళు మండేది. కింద జానెడు మందాన మునేరు ఏటి ఇసుక పోసి ఉండేది. అందులో అల్లం, చేమదుంపలు పాతిపెట్టేవారు. ఇసుక మీద దోసకాయలు, ఒకదానికొకటి తగలకుండా. పక్కన కుండలో కొబ్బరినూనె రాసిన నిమ్మకాయలు. టమాటాలైతే తొడిమ కిందికి వచ్చేలా బోర్లించాలి. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఒకే బుట్టలో వేశానంటే ఆవిడ వాసనతోనే పట్టేసేది. "ఆ రెంటికీ పడదమ్మాయ్. తోడికోడళ్ళని ఒకే గదిలో పెడతామా?" అనేది.

నీటికాసులతో ఆవిడకు చూపు దాదాపు పోయింది. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. అన్నీ చేతులతోనే చూసేది. రోజూ సాయంత్రం ప్రార్థన అయ్యాక నేల మీద కూర్చుని, మంచం కిందికి చెయ్యి పోనిచ్చి, ఒక్కో కాయనూ కాస్త పక్కకు తిప్పేది. ఎందుకని అడిగితే, "ఒకే పక్కన పడుకుంటే మనుషులకే పుళ్ళు పడతాయి, కాయలకు పడవా?" అనేది.

నేనూ ఊరుకునే రకం కాదు. ఉద్యోగం వచ్చిన ఏడే ఫ్రిజ్ కొన్నాను. కొత్తిమీరను కవరుతో సహా అందులోకి తోసేదాన్ని. మూడో రోజుకు అది నల్లగా జిగురుపట్టి పోయేది. ఆవిడ ఆ కవరు తడిమి, ఇంటికొచ్చినవాళ్ళ ముందు "మా కోడలు కొత్తిమీరకి సమాధి కట్టిందండీ, పునరుత్థానం కోసం చూస్తన్నాం" అనేది. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. పైకి నేనూ నవ్వేదాన్ని, లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని.

దోసకాయల్లో ఒకటి ఎప్పుడూ విడిగా, గోడవైపు ఉండేది. అది విత్తనం కాయ. దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు.

అత్తయ్య పుట్టిల్లు వత్సవాయి దగ్గర ఒక పల్లె. వాళ్ళమ్మ మిరపచేలల్లో కూలికి వెళ్ళేది. గట్టు వెంబడి నాలుగు దోసపాదులు పెట్టుకోడానికి చేను ఆసామి ఒప్పుకుంటే, ఆవిడ పెట్టిన గింజ అది. "మా అమ్మకి సెంటు భూమి లేదు. కాపురానికి పంపిస్తా నా ఒళ్ళో పెట్టింది ఈ కాయొక్కటే" అనేది అత్తయ్య. అప్పట్నుంచీ ఏటా పెరట్లో పాదు పెట్టడం, ఎండాకాలం ఆఖరి కోతలో మేలైన కాయ ఒకటి దాచడం, తొలకరి పడ్డాక దాన్ని కోసి గింజ నాటడం. మిగతావాళ్ళు గింజలు కడిగి ఆరబెట్టి, బూడిదలో కలిపి దాచుకుంటారు. ఆవిడ అలా చేసేది కాదు. గింజ తల్లికడుపులోనే ఉండాలి, వాన పడ్డాకే బయటికి రావాలి అని పట్టుదల. వాళ్ళమ్మ అలాగే చేసేదట. పుట్టింటివాళ్ళంతా పత్తిలోకి దిగి దోసపాదులు ఎప్పుడో మానేశారు. ఆఖరి కోత అయ్యాక మంచం కింద మిగతావన్నీ బజారు కాయలే. కాబట్టి తొలకరి దాకా ఆ రెండు నెలలూ ఆ గింజ అనేది లోకం మొత్తమ్మీద ఉంటే మా మంచం కిందే, ఒక్క కాయలోనే ఉండేది.

ఇదంతా నాకు తెలుసు. పదిసార్లు విన్నాను. అందుకే ఆ రోజు తెలిసి కోశానా, తెలియక కోశానా అని నన్ను నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

బడులు తెరిచిన వారం. వాన ఇంకా పడలేదు. ముందురోజు మా స్కూలు నుంచి ఇద్దరు టీచర్లు ఇంటికొస్తే, వాళ్ళ ముందు కూడా ఆవిడ ఆ సమాధి మాట అంది. వాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే కరెంటు పోయింది, ఏడింటి బస్సు అందుకోవాలి, బాక్సులోకి కూర లేదు. ఆవిడ బయట మొహం కడుక్కుంటోంది. నేను చీకట్లో వంగి మంచం కింద చెయ్యి పెట్టాను. ఇంట్లో ఇన్ని కాయలుండగా ముట్టుకోవడానికి వీల్లేనివి కూడానా అని మనసులో విసుక్కున్నట్టు గుర్తు. చేతికొచ్చిన కాయ బరువుగా ఉంది. వేళ్ళకు గోడ తగిలిందా? తగిలినట్టే ఉంటుంది. ఒక్కోసారి తగల్లేదనీ అనిపిస్తుంది.

కోశాక అలవాటు కొద్దీ ఒక ముక్క కొరికి చేదు చూశాను. చేదు లేదు. బాగా మాగిందనుకున్నాను. లావైన గింజలన్నీ తొక్కతో కలిపి చెత్తబకెట్లో వేశాను. మున్సిపాలిటీ బండి విజిల్ వినిపిస్తే, నేనే పరిగెత్తుకెళ్ళి అందులో కుమ్మరించి వచ్చాను.

మధ్యాహ్నం స్టాఫ్‌రూములో బాక్సు తెరిస్తే పక్కావిడ పప్పు వేసుకుని, "ఎక్కడి దోసకాయండీ ఇది, ఇంత రుచిగా ఉంది?" అంది. "మా అత్తయ్య విత్తనం" అనబోయి ఆగిపోయాను. ఆ ముద్ద మింగలేక, ఉమ్మలేక, అలాగే కూర్చుండిపోయాను.

సాయంత్రం నందిగామ మార్కెట్లో బళ్ళన్నీ తిరిగి, అంతే సైజు కాయ కొన్నాను. ఆవిడ చర్చిలో ఆడవాళ్ళ కూడికకు వెళ్ళింది. గబగబా తెచ్చి గోడవైపు పెట్టాను. చనిపోయిన మనిషి పక్క మీద ఇంకొకర్ని తెచ్చి పడుకోబెట్టినట్టు అనిపించింది.

ఆవిడ వచ్చి ప్రార్థన చేసుకుని నేల మీద కూర్చుంది. అన్నీ తిప్పి ఆఖర్న ఆ కాయ తీసుకుంది. తొడిమ తడిమింది. చెంపకు ఆనించుకుంది. వాసన చూసింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"దీన్నెవరన్నా తీసారా అమ్మాయ్?"

"లేదత్తయ్యా."

"సరేలే" అని మెల్లగా మళ్ళీ అక్కడే పెట్టింది.

గండం గడిచిందనుకున్నాను. ఎంత సంబరపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. వానలు పడ్డాక ఆవిడే ఆ కాయ కోయించి, గింజలు కడిగి నా దోసిట్లో పోసింది. "నువ్వే వెయ్యమ్మా" అంది. పాదు ఏపుగా పాకింది, విరగకాసింది. కాయల మీద మాత్రం ఆకుపచ్చ చారలు. మా దోసకాయకు చారలుండవు. అయినా చారలు చేతికి తెలియవు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. కూర వండి పెట్టి, "ఎలా ఉందత్తయ్యా?" అని అడిగే తెగింపు కూడా చేశాను.

"కూర కూరలాగే ఉందమ్మా" అంది.

నేను కాయ మార్చిన రోజు నుంచే ఆవిడలో ఒక మార్పు వచ్చింది. సాయంత్రం కాయలు తిప్పే పని పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఆవిడ లేచేది కాదు. మంచంకోడుకు చేరగిలబడి, మొహం వంటింటివైపు పెట్టి, అన్నాలవేళ దాకా అలాగే కూర్చునేది. పెద్దతనం, మోకాళ్ళ నొప్పి అనుకున్నాను. ఇవాళ చెప్పేద్దాం అని నేను చాలాసార్లు అనుకున్నాను. చెబితే తిట్టేది, నాలుగు రోజులు మాట్లాడేది కాదు, అంతేగా. ఆ అంతేగాకే భయపడ్డాను. ఆవిడ మొహం నావైపు తిరిగి ఉంటే భరించలేక మిక్సీ వేసేదాన్ని, కుళాయి తిప్పేదాన్ని, రేపటి పచ్చడి ఇవాళే నూరేదాన్ని.

క్రిస్మస్‌కు పది రోజుల ముందు ఆవిడకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. రెండు నెలలు ఆ మంచం మీదే ఉంది. రెండు గంటలకోసారి ఆవిణ్ణి ఈ పక్కకూ ఆ పక్కకూ తిప్పింది నేనే. ఒక్క పుండు పడనివ్వలేదు. అప్పుడైనా చెవిలో చెప్పొచ్చు. ఈ స్థితిలో మనిషిని బాధపెట్టడమెందుకు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తప్పు దాచుకునేవాళ్ళకు దయ కూడా భలే అక్కరకొస్తుంది.

ఆవిడ పోయాక కూడా ప్రార్థన వేళకు మంచం కింద ఇసుక కదిలిన చప్పుడు వినిపిస్తుంది. ఎలుకేమోనని మావారు టార్చి వేసి చూస్తారు. ఎలుక ఉండదు. నేను వెళ్ళి కూర్చుని కాయలు తిప్పుతాను. తిప్పకపోతే నాకు భయం.

మొన్న ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. అత్తయ్య చెల్లెలు, మా చిన్నత్తయ్య, వత్సవాయి నుంచి వచ్చింది. భోజనాలయ్యాక గదిలోకొచ్చి, మంచం కిందికి వంగి చూసి, "అన్నీ అక్క పెట్టినట్టే పెట్టావమ్మా. పాపం, ఆ గింజ ఒక్కటే లేకుండా పోయింది" అంది.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"అక్క అప్పుడే ఫోన్ చేసిందిగా, బడులు తీసినప్పుడు. మన గింజ పోయిందే, నీకాడ ఏవన్నా ఉందేమో చూడవే అంది. నాకాడెక్కడిది, మానేసి ఇరవయ్యేళ్ళయింది. ఊళ్ళో అందర్నీ అడిగించింది. ఎక్కడా దొరకలేదంటే ఫోన్లోనే ఏడ్చింది."

"నన్నేమన్నారు?"

"నిన్నేమీ అన్లేదమ్మా. కోడల్ని అడగొచ్చుగదే అని నేనే అన్నా. అడగను, భయపడుద్ది, దానంతటదే చెబుద్దేమోనని రోజూ సాయంత్రం కూర్చుంటన్నా అంది."

ఆవిడ అలా ఆరు నెలలు కూర్చుంది.