పంటి డాక్టరు ముందుగదిలో మా పిన్ని రాజ్యం

మా పిన్ని కాసేపు ఎక్కడ కూర్చుంటే అక్కడ ఒక రాజ్యం స్థాపిస్తుంది. బస్సులో వెనక సీటు, బ్యాంకులో బెంచీ, ఆఖరికి పక్కింటివాళ్ల మెట్లు కూడా ఆమె ఏలుబడిలోకి వచ్చినవే. ప్రజలకు పదవులు, దేశానికి పేరు, రాణిగారికి కిటికీ పక్కన చోటు. ఇవి లేనిదే ఆమెకు తోచదు.

నాకు జ్ఞానదంతం పీకించాల్సి వచ్చినప్పుడు ఆమే తోడు వచ్చింది. నేను బడిలో చరిత్ర చెబుతాను. యుద్ధాలన్నీ చేతులూపుతూ వర్ణిస్తాను గానీ, సూదిని చూస్తే గుమ్మం వెతుక్కుంటాను. జ్ఞానం రాకుండా జ్ఞానదంతం ఎలా వచ్చిందో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

లోపల మిషను గుయ్యిమంది. నేను మెల్లగా లేచాను.

"ఎక్కడికిరా?"

"చెప్పులు సరిగ్గా విడిచానో లేదో చూసొస్తా పిన్నీ."

"కూర్చో. రాజ్యం స్థాపిస్తున్నాం."

ఎదురుగా బుగ్గ వాచిన పోలీసు, పక్కన దవడకు రుమాలు కట్టుకున్న దర్జీ ఉన్నారు.

"బాబూ, నువ్వు సేనాధిపతివి. అన్నయ్యగారూ, మీరు ఖజానా చూసుకోండి" అంది పిన్ని.

"ఖజానాలో ఏముందమ్మా?" అన్నాడు దర్జీ.

"ఆ బల్ల మీది పాత పత్రికలు. అట్టలు ఊడకుండా చూడండి."

దర్జీ నిటారుగా కూర్చున్నాడు. ఇక పేరు పెట్టాలి. చరిత్ర నా సొత్తు కదా, గొంతు సవరించుకుని "మహోదయపురం" అన్నాను.

"పంటినొప్పి వాళ్లకి నిద్రే లేదు, ఉదయమేంట్రా?" అంది పిన్ని.

"దవడపాలెం!" అన్నాడు దర్జీ.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, పాలేనికీ రాజధానికీ తేడా ఏమిటో వివరించసాగాను. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుంటే వాదిస్తూనే లోపలికి నడిచాను. వాదిస్తూనే కుర్చీలో పడుకున్నాను.

"నోరు తెరవండి" అన్నాడు డాక్టరు.

"తెరిచే ఉంది కదండీ! మీరే చెప్పండి, దవడపాలెం ఒక పేరా?"

బయటికి వచ్చేసరికి నోట్లో దూది, సగం మూతి మొద్దుబారి ఉంది. అయినా తగ్గలేదు. "మవోవవువం!" అని అరిచాను.

పోలీసు ఆ మాట ఒకసారి పలికి చూసుకున్నాడు. "ఇది బాగుందమ్మా. నోరు ఎక్కువ తెరవక్కర్లేదు."

ఏకగ్రీవంగా ఆ పేరే ఖాయమైంది. పన్ను పోయిన సంగతి నాకు అప్పుడు తెలిసింది. సూది ఎప్పుడు గుచ్చారో గుర్తే లేదు. పిన్ని వైపు చూశాను.

"గొడవ దొరికితే నీకు ఒళ్లు తెలీదురా, చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా" అంటూ నా గడ్డం తుడిచింది. "నువ్వు ఇంటికెళ్లు. నాకింకా పనుంది."

తర్వాతి వంతు పోలీసుది. టోపీని పిండేస్తున్నాడు. పిన్ని వెళ్లి అతని పక్కన కూర్చుంది.

"బాబూ, పొరుగు దేశంతో స్నేహం చేద్దామా?"

"ఛ! దండెత్తాలమ్మా!"

"స్నేహమే మేలు" అంది పిన్ని, పోట్లాటకు సిద్ధంగా.

నేను ఇంటికి వెళ్లి ఉండాల్సింది. కానీ సంధుల గురించి తెలిసినవాడు ఒకడుండాలి కదా! గుమ్మం దగ్గర్నుంచి తిరిగి వచ్చి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. అయినా పోలీసు గట్టిగా ఖండించాడు. ఖండిస్తూనే లోపలికి నడిచాడు.