ఫుట్‌బాల్ ఆటలో మడమపట్టు

ఈపూరు మండలంలో మిరపతోటకు మొట్టమొదట డ్రిప్పు వేయించినవాణ్ని నేను. కబడ్డీలో మా ఊరికి మూడు షీల్డులు తెచ్చినవాణ్ని. చదివింది ఊరిబడిలో ఏడో తరగతే అయినా నీటి సంఘానికి ప్రెసిడెంటుగా చేశాను. త్రికోటేశ్వరరావంటే అక్కడ తెలియనివాళ్లు లేరు. నరసరావుపేటలో మాత్రం నేను సిమెంటు బెంచీ మీద నీళ్లసీసా పట్టుకుని కూర్చునే ముసలాణ్ని.

మా లిఖిత లేకలేక పుట్టింది, నా యాభై రెండో ఏట. నిరుడు వాళ్లమ్మ కోటేశ్వరి పోయింది. పిల్ల చదువు కోసం పేటలో గది తీసుకున్నాను. సాయంత్రాలు ఫుట్‌బాల్ నేర్పిస్తారంటే చేర్పించాను.

ఆ ఆట చూసి తీరాలి. బంతి ఎటు పోతే పిల్లలంతా అటే, నూకలు చల్లినచోటికి కోడిపిల్లలు ఉరికినట్టు. గోల్ కాయాల్సిన బాబీ పుల్లతో చీమలపుట్ట కెలుకుతుంటాడు. బంతి వాడి పక్కనుంచే లోపలికి పోతుంది. గోలైందని అందరికంటే ముందు చప్పట్లు కొట్టేదీ వాడే. నాకు నవ్వాగక పక్కకు తిరుగుతాను. పక్కనున్న కుర్ర తండ్రులంతా ఫోన్లలో ఉంటారు. ఒకనాడు మోయిన్ వాళ్ల నాన్నకు నా షీల్డుల సంగతంతా చెప్పాను. ఆయన చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "ఏమన్నారు తాతా?" అన్నాడు.

ఆదివారం పిల్లలతో నాన్నలు కూడా ఆడాలని కోచ్ షకీలా మేడమ్ చెప్పింది. ఇంటికి వస్తుంటే లిఖిత నసిగింది.

"నాన్నా, బాబాయిని పిలుద్దామా?"

"ఏంది, నేనాడలేననా?"

"అది కాదు... నువ్వు మా తాతవని చెప్పా అందరికీ."

"ఎందుకు చెప్పావే?"

"వాళ్లే అడిగారు, మీ తాతా అని. ఊఁ అన్నా."

కోటేశ్వరి ఉంటే ఈ మాట చెప్పుకుని ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఒక్కణ్నే అయ్యేసరికి నవ్వు రాలేదు. తమ్ముడికి ఫోన్ చేయలేదు.

ఆదివారం పంచె ఎగ్గట్టి దిగాను. లిఖిత నాకు దూరంగా నిలబడింది. మోయిన్ వాళ్ల నాన్న బంతి తన్నుకుంటూ నా మీదికే వచ్చాడు. ఇక బంతి సంగతి నాకు తెలియదు. గీత దాటి మన వైపొచ్చిన మనిషిని తిరిగి పోనీయకూడదు, నా ఒంటికి తెలిసింది అదొక్కటే. వంగి మడమ దొరకబుచ్చుకున్నాను. అంత మనిషీ బోర్లా పడ్డాడు. మేడమ్ విజిల్ ఊదబోయి నవ్వేసింది.

"తాతా, ఇది ఫుట్‌బాలు!" అన్నాడాయన, మట్టి ఉమ్ముతూ.

"తెలుసులేవయ్యా. ముందు ఊపిరి తీసుకో," అని లేపాను.

తండ్రులంతా మూగారు. "ఏడ నేర్చారు తాతా ఈ పట్టు?" ఇన్నాళ్లకు అడిగారు. షీల్డుల సంగతి నోటిదాకా వచ్చింది. కానీ నా చెవి లిఖిత వైపుంది.

"మీ తాత చానా స్ట్రాంగే!" అంటున్నాడు బాబీ.

లిఖిత బూటులేసు కట్టుకుంటూ, తలెత్తకుండానే, "తాత కాదు," అంది.

మరెవరని వాడు అడగలేదు. లిఖితా చెప్పలేదు. ఇంటికి పోయేటప్పుడు నాకంటే ముందు నడిచింది. సందు మలుపు దగ్గర మాత్రం, వెనక్కి చూడకుండానే, నేను వచ్చేదాకా ఆగింది.