తలుపు పక్క బెంచీ

రైలు పెట్టెలో ఫినాయిలు వాసన వస్తే అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ప్రాణం కుదుటపడుతుంది. మరుగుదొడ్డి దగ్గర్లోనే ఉందన్నమాట. తెనాలి నుంచి బాపట్లలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి రోజూ రైల్లోనే వెళ్తాను. కిటికీ సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు పక్కనే కూర్చుంటానని తోటి లెక్చరర్లు నన్ను ఆటపట్టిస్తుంటారు. ఈ ఉదయం కూడా అక్కడే కూర్చున్నాను. నిన్ననే రేపల్లెలో పాపారావు సార్ పెద్దకర్మకి వెళ్ళొచ్చాను. ఆ వాసన తగలగానే ఆయన గుర్తొచ్చి కళ్ళు నిండాయి. ఫినాయిలు వాసనకి ఏడ్చే మనిషిని బహుశా నేనొక్కదాన్నే అయివుంటాను.

తెనాలిలో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు జువాలజీ చెప్పేవారు. బక్కపలచని మనిషి, ఎప్పుడూ వదులు చొక్కా. మొదటి రోజే ఒక మాట చెప్పేశారు. "నా క్లాసులోంచి బయటికెళ్ళాలంటే మే ఐ గో అవుట్ అని అడగక్కర్లేదు. లేచి వెళ్ళండి, పనయ్యాక రండి." మగపిల్లలు ఆ మాట పట్టుకుని నేరుగా క్యాంటీనుకి పోయేవాళ్ళు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఆ మాటతో నిజంగా బతికిపోయింది నేనే.

మాది భట్టిప్రోలు. రోజూ తెనాలిలో రైలు దిగగానే కాలేజీకి పరుగున వెళ్ళి క్లాసులో తలుపు పక్క బెంచీ పట్టుకునేదాన్ని. పాఠం మధ్యలో లేవాల్సొచ్చేది, ఒక్కోసారి రెండు మూడుసార్లు. విరేచనంలో రక్తం పడేది. ఎవరికైనా చెప్పుకుంటే సిగ్గుచేటు అనుకునే వయసు. ఇంట్లో సగం సగం చెప్తే అమ్మ వేడి చేసిందని సబ్జా నీళ్ళిచ్చింది. నాన్న పరీక్షల భయమని తేల్చేశారు. నేను ఎదురు చెప్పలేకపోయాను, ఎందుకంటే పరీక్షలు దగ్గరపడే కొద్దీ నాకు ఎక్కువయ్యే మాట నిజం. పిరికిదాన్ని కాబట్టి ఇలా అవుతోంది, తప్పు నాదే అనుకుని నోరు మూసుకున్నాను.

జీర్ణవ్యవస్థ పాఠం జరుగుతున్న రోజు క్లాసంతా నిశ్శబ్దంగా ఉంది. ఉన్నట్టుండి సార్ పొట్టలోంచి బుడబుడమని పెద్ద చప్పుడొచ్చింది. అందరూ గొల్లున నవ్వారు. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, చొక్కా మీద చెయ్యి వేసుకున్నారు.

"నా పేగు కూడా పాఠం చెబుతోంది, వినండర్రా. నా పెద్దపేగు పుళ్ళు పడి పాడైపోతే తీసేశారు. మిగిలిన పేగుని పొట్ట మీదికి తెచ్చి సంచీ తగిలించారు. ఇప్పుడు దాన్ని మాట్లాడమని నేను చెప్పానా? దాని గోడలోనే దానికి సొంత నరాలున్నాయి. చాలా పనులు మెదడుని అడక్కుండా చేసేసుకుంటుంది. మే ఐ గో అవుట్ అనదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బెల్లు కొట్టాక అందరూ వెళ్ళిపోతుంటే ఆయన నా బెంచీ దగ్గర ఆగారు.

"ఏమ్మా, రక్తం పడుతోందా?"

"మీకెలా తెలుసు సార్?" అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

"చదువుకునే రోజుల్లో నేనూ తలుపు పక్కనే కూర్చునేవాణ్ణి. నాదీ భయమనే అన్నారు. నమ్మాను. నమ్మి కూర్చునేసరికి పేగు మిగల్లేదు."

ఆ ఆదివారం ఆయన మా ఇంటికొచ్చారు. నాన్న కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, "చిన్నప్పటి నుంచీ దానికి పరీక్షలంటే భయమండి మాస్టారూ" అన్నారు.

"భయం నిజమేనండి. రక్తం కూడా నిజమే" అన్నారు సార్. "మన ఒంట్లో రోగాల మీద కాపలా కాసే కణాలు, అంటే కాపలావాళ్ళు, ఎక్కువమంది పేగులోనే ఉంటారండి. బయటి తిండి వచ్చేది అటే కదా. వాళ్ళ పక్కనే నరాలుంటాయి. వీళ్ళ మాట వాళ్ళు, వాళ్ళ మాట వీళ్ళు వింటుంటారు. మనిషి బెదిరితే నరాలు కాపలావాళ్ళని రెచ్చగొడతాయి. రెచ్చిపోయిన కాపలావాళ్ళు సొంత గోడనే పుండు చేస్తే నరాలు ఇంకా అదిరిపోతాయి. అలాంటప్పుడు భయమా జబ్బా అని ఏం విడదీస్తామండి? ముందు పుండు మాన్పాలి."

నాన్న తల గోక్కుంటూ, "పరీక్షలు కానివ్వండి, చూపిద్దాం" అన్నారు. సార్ లేచి చొక్కా పైకెత్తి ఆ సంచీ చూపించారు. "నేనూ పరీక్షలు కానిద్దామనే అనుకున్నానండి."

మర్నాడే నాన్న నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కెమెరా గొట్టం వేసి చూసి, పుళ్ళున్నాయన్నారు. మందులు మొదలయ్యాయి. ఆ ఏడు పరీక్షలు పోయాయి, పేగు మిగిలింది. ఒక మగమనిషి, అందులోనూ అంత బిడియస్తుడు, పరాయి ఇంట్లో చొక్కా ఎత్తి నిలబడ్డం ఎంత కష్టమో అప్పుడు నాకు తెలియలేదు. నేను తరగతి ముందు నిలబడే రోజులొచ్చాక తెలిసింది. ఆయన ఋణం తీరేది కాదు.

మొన్న వేసవిలో రేపల్లెలో కలిసినప్పుడు అడిగారు. "ఇప్పుడెక్కడ కూర్చుంటున్నావమ్మా?"

"తలుపు పక్కనే సార్."

"జబ్బు తగ్గి చాలా ఏళ్ళయిందిగా?"

"తగ్గిందండి. అయినా పరీక్షల కాలం వస్తే కడుపులో అదే కలవరం."

"పుండు మానినా నరం అంత తొందరగా మర్చిపోదమ్మా. దాన్ని తిట్టకు. అప్పుడప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, భయం లేదని మెల్లగా నేర్పు." అని నవ్వి, "నాకా అవకాశం లేకపోయింది. నీకుంది" అన్నారు. ఆయనతో నేను మాట్లాడిన చివరి మాటలవి.

ఈ ఉదయం ఫినాయిలు వాసన వదిలి లేచాను. పెట్టె మధ్యలో కిటికీ పక్కన కూర్చున్నాను. పొన్నూరు దగ్గరపడుతుండగా కడుపులో ఏదో కదిలింది. భయమో, పాత జబ్బో, రెండూనో. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "ఏం లేదులే" అన్నాను. ఎదురు సీటులో పెద్దావిడ, "నన్నేమైనా అన్నావా అమ్మా?" అని అడిగింది. లేదండి అన్నాను. బాపట్ల వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

కాలేజీలో ఇవాళ కొత్త పిల్లలకి మొదటి క్లాసు. హాజరు తీసుకోకముందే, "బయటికెళ్ళాలంటే నన్ను అడగక్కర్లేదర్రా" అన్నాను. అందరూ నవ్వారు. తలుపు పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయి మాత్రం నవ్వలేదు.